రివాల్వర్ తూటాకు బుల్లెట్ ముందు, పౌడర్ తర్వాత

రివాల్వర్ తూటాలను సొంతంగా నింపుకోవాలనుకునేవారు ముందుగా అడిగేది 'ఏ పౌడర్ మంచిది?' అని. అడగాల్సిన ప్రశ్నే కానీ, మొదట అడగాల్సింది కాదు. పౌడర్ (తుపాకీ మందు) చేసే పని ఒక బరువును ఒక వేగానికి తీసుకెళ్లడం. ఆ బరువు ఎంత, అది ఏ లోహంతో చేసింది, కేస్‌లోకి (తూటా ఇత్తడి గొట్టంలోకి) ఎంత లోతు దిగుతుంది, ఎలాంటి సిలిండర్ (తూటాలు పట్టే తిరుగుడు భాగం) గుండా వెళ్లాలి, ఎంత వేగం కావాలి అన్నవి తేలాకే పౌడర్ మాట వస్తుంది. వరుస ఇలా పెట్టుకుంటే పౌడర్ ఎంపిక చాలావరకు తనంతట తానే తేలిపోతుంది. తిరగేసి పెట్టుకుంటే ఖర్చు వృథా, కొన్నిసార్లు ప్రమాదం కూడా.

ఇక్కడ తూటా అంటే కేస్, ప్రైమర్ (పౌడర్‌ను అంటించే చిన్న భాగం), పౌడర్, బుల్లెట్ కలిసిన మొత్తం. బుల్లెట్ అంటే గొట్టంలోంచి బయటికి వెళ్లే ముక్క మాత్రమే. ఇంకో మాట ముందే చెప్పుకోవాలి. తూటాలు నింపడానికి కొన్ని దేశాల్లో ప్రత్యేక లైసెన్స్ కావాలి, కొన్నిచోట్ల అసలు అనుమతే లేదు. చట్టం ఒప్పుకున్నచోట, అనుమతి ఉన్నవారికి సంబంధించిన విషయమే ఇదంతా.

రివాల్వర్ తూటాల్లో ఎక్కువ వాటికి ఒక పాత వారసత్వం ఉంది. .45 కోల్ట్ 1870లలో వచ్చింది. .38 స్పెషల్ 19వ శతాబ్దం ఆఖర్లో వచ్చింది. రెండింటి కేసులూ పాతకాలపు నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కోసం కొలిచి చేసినవే. ఆ నల్ల తుపాకీమందుకు శక్తి తక్కువ, చోటు ఎక్కువ కావాలి. .45 కోల్ట్ కేస్‌లో 40 గ్రెయిన్ల నల్ల తుపాకీమందు, .38 స్పెషల్‌లో 21 గ్రెయిన్ల దాకా పట్టేది. (గ్రెయిన్ అంటే 0.0648 గ్రాము. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు.) తర్వాత పొగరాని పౌడర్ వచ్చింది. .38 స్పెషల్‌లో అదే పని చేయడానికి దానికి నాలుగు, ఐదు గ్రెయిన్లు చాలు. కేస్ మాత్రం పాత కొలతలోనే ఉండిపోయింది. లోపల మిగిలిపోయిన ఆ ఖాళీయే రివాల్వర్ తూటాలు నింపడంలో సగం చిక్కులకు మూలం. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ తూటాలు పొగరాని పౌడర్‌ను దృష్టిలో పెట్టుకుని పుట్టాయి కాబట్టి వాటిలో ఈ సమస్య ఇంతగా కనిపించదు. అందుకే పిస్టల్ తూటాల్లో సంపాదించిన అనుభవాన్ని యథాతథంగా రివాల్వర్‌కు తెచ్చుకోకూడదు.

బుల్లెట్‌కు సిలిండర్ పెట్టే పరీక్ష

రివాల్వర్‌లో బుల్లెట్ ప్రయాణం మిగతా తుపాకుల్లోలా ఉండదు. కేస్‌లోంచి బయటపడి ముందు సిలిండర్ చివరి ఇరుకు భాగంలోకి, అంటే త్రోట్‌లోకి వెళ్తుంది. అక్కడి నుంచి సిలిండర్‌కు, బ్యారెల్‌కు మధ్య ఉన్న సన్నని సందు దాటుతుంది. ఈ సందు సాధారణంగా అంగుళంలో వెయ్యోవంతులు నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉంటుంది. ఆ తర్వాత బ్యారెల్ మొదట్లో గరాటు ఆకారంలో ఉండే ఫోర్సింగ్ కోన్‌లో పడి, అక్కడి నుంచి రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలి గాడులు) పట్టుకుంటుంది. ఇన్ని మలుపుల్లో ఏ ఒక్కచోట కొలత కుదరకపోయినా ఏ పౌడర్ వేసినా ప్రయోజనం ఉండదు.

సీసం బుల్లెట్ విషయంలో అన్నిటికంటే పెద్ద నియమం త్రోట్‌కు సరిపోయే వ్యాసం. త్రోట్ వ్యాసం బ్యారెల్ గాడుల వ్యాసానికి సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉండాలి. బుల్లెట్ త్రోట్ కొలతకు ఉండాలి. .38, .357 తుపాకుల్లో గాడుల వ్యాసం సాధారణంగా 0.357 అంగుళం, అందుకే సీసం బుల్లెట్లు 0.358కి చేస్తారు. .44లో గాడులు 0.429, సీసం బుల్లెట్ 0.430. .45 కోల్ట్ దగ్గర అసలు గందరగోళం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి తుపాకుల్లో బ్యారెల్ 0.454 దాకా ఉండేది. తర్వాతి వాటిలో 0.451, 0.452కి తగ్గింది. త్రోట్లు మాత్రం చాలాకాలం పాత పెద్ద కొలతల్లోనే ఉండిపోయాయి. ఇంకొన్ని తుపాకుల్లో సరిగ్గా దీనికి వ్యతిరేకం, బ్యారెల్ కంటే త్రోటే ఇరుకు. అక్కడ ఎంత మంచి కొలతతో చేసిన బుల్లెట్ అయినా సిలిండర్‌లోనే నలిగి చిన్నదై, బ్యారెల్‌లో వదులుగా వెళ్తుంది.

దీన్ని కనిపెట్టడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఖాళీ సిలిండర్‌ను తుపాకీ నుంచి విడదీసి, బుల్లెట్‌ను ముందువైపు నుంచి ఒక్కో త్రోట్‌లోకి వేలితో నొక్కి చూడాలి. కొద్దిపాటి ఒత్తిడితో జారితే సరిపోయినట్టే. తనంతట తాను పడిపోతే బుల్లెట్ చిన్నది. ఎంత నొక్కినా దిగకపోతే పెద్దది, లేదా త్రోట్ ఇరుకు. ఆరు గదుల్లో ఆరు రకాలుగా ఉండటమూ కొత్తేమీ కాదు. ఒక గదిలోంచి వచ్చిన గుండ్లు మాత్రమే గుంపు వదిలి దూరంగా పడుతుంటే పౌడర్ మార్చేముందు ఆ గదిని కొలవడం మేలు.

బ్యారెల్‌లో సీసం అంటుకుపోవడం గురించి ప్రచారంలో ఉన్న అభిప్రాయం ఒకటే: 'బుల్లెట్ మెత్తగా ఉంది, ఇంకా గట్టిది కొనాలి.' ఈ సలహా చాలా సందర్భాల్లో తప్పు దారి పట్టిస్తుంది. బుల్లెట్ త్రోట్‌ను నింపకపోతే వేడి వాయువు పక్కల నుంచి దూసుకెళ్లి బుల్లెట్ అంచులను కోసేస్తుంది. కరిగిన సీసం ఫోర్సింగ్ కోన్ దగ్గర, రైఫ్లింగ్ మొదట్లో పేరుకుంటుంది. దీనికి విరుగుడు గట్టి బుల్లెట్ కాదు, సరైన కొలత. సీసం బ్యారెల్ కొసన మాత్రమే అంటుకుంటే అప్పుడు లూబ్రికెంట్ చాలడం లేదని అనుమానించాలి. ఎక్కడ అంటుకుందో చూడకుండా విరుగుడు వెతకకూడదు.

గట్టిదనానికీ ఒక లెక్క ఉంది. శుద్ధ సీసానికి బ్రినెల్ సంఖ్య (గట్టిదనపు కొలత) 5. తగరం, ఆంటిమొని కలిపే కొద్దీ పెరుగుతుంది. పాత అచ్చుయంత్రాల లైనోటైప్ లోహానిది దాదాపు 22. బ్రినెల్ సంఖ్యను 1,422తో గుణిస్తే, ఆ లోహం దాదాపు ఎంత పీడనం దగ్గర లొంగి ఆకారం మారుతుందో పీఎస్ఐలో (చదరపు అంగుళానికి పౌన్లలో) వస్తుంది. ఉదాహరణకు 12 బ్రినెల్ ఉన్న మిశ్రమానికి సుమారు 17,000 పీఎస్ఐ. అమెరికా తూటాల ప్రమాణాల సంస్థ సామి .38 స్పెషల్‌కు పెట్టిన గరిష్ఠ పీడనం కూడా సరిగ్గా 17,000 పీఎస్ఐయే. అంటే మామూలు .38 స్పెషల్ తూటాకు 20 దాటిన గట్టి బుల్లెట్ వేస్తే అది ఆ పీడనానికి ఏమాత్రం ఉబ్బదు. కొలత కాస్త తక్కువైనా సందు అలాగే ఉండిపోతుంది. అదే 35,000 పీఎస్ఐ హద్దున్న .357 మాగ్నమ్‌లో (మరింత శక్తిగల తూటాలో) నిండు పౌడర్‌తో మరీ మెత్తని బుల్లెట్ వాడితే అది రైఫ్లింగ్‌ను పట్టుకోలేక చీరుకుపోవచ్చు. అక్కడ మధ్యస్థ గట్టిదనం, అడుగున రాగి గ్యాస్ చెక్ (వేడి వాయువు నుంచి కాపాడే చిన్న టోపీ) ఉన్న బుల్లెట్ బాగా పనికొస్తుంది. ఈ లెక్కను శాసనంలా తీసుకోనక్కర్లేదు. కొలత సరిగ్గా కుదిరిన బుల్లెట్ ఈ లెక్కకు చాలా దూరం జరిగినా శుభ్రంగా పనిచేస్తుంది. ముందు కొలత, తర్వాతే గట్టిదనం.

సీసం కాకుండా మిగతా రకాల గురించి క్లుప్తంగా. రాగి తొడుగున్న జాకెటెడ్ బుల్లెట్లు ఎక్కువ వేగాలకు తగినవి. కానీ వాటికి బ్యారెల్‌లో రాపిడి ఎక్కువ కాబట్టి మరీ తక్కువ పౌడర్‌తో వాడితే మధ్యలోనే ఇరుక్కుపోతాయి. సీసం బుల్లెట్‌కు ఇచ్చిన తేలికపాటి లోడ్‌ను (ఏ పౌడర్ ఎంత అన్న కొలతను) జాకెటెడ్ బుల్లెట్‌కు వాడకూడదు అనడానికి ఇదే కారణం. సీసం మీద పలుచని రాగి పూత వేసిన ప్లేటెడ్ బుల్లెట్లు ఈ రెండింటికీ మధ్యవి. మామూలు మందం పూతకు తయారీదార్లు సెకనుకు సుమారు 1,200 అడుగుల దగ్గర హద్దు పెడతారు. వాటిని గట్టిగా క్రింప్ చేస్తే (కేస్ అంచును బుల్లెట్ మీదికి నొక్కి బిగిస్తే) పూత తెగి, సీసం బయటపడుతుంది. మాగ్నమ్ లోడ్లకు గట్టి క్రింప్ తప్పదు కనుక ప్లేటెడ్ బుల్లెట్‌కూ మాగ్నమ్‌కూ పొత్తు కుదరదు. పాలిమర్ పూత వేసిన సీసం బుల్లెట్లు మాత్రం రివాల్వర్‌కు చక్కగా నప్పుతాయి. పొగ తగ్గుతుంది, లూబ్రికెంట్ జిడ్డు ఉండదు, చేతికి సీసం అంటడమూ తగ్గుతుంది.

బరువు, ఆకారం, లోతు

స్థిరమైన సైట్లున్న (గురిచూసే గుర్తులు కదలని) రివాల్వర్‌కు బుల్లెట్ బరువును ఆ సైట్లే నిర్ణయిస్తాయి. పేలిన క్షణం నుంచి బుల్లెట్ బయటపడేలోపు తుపాకీ వెనక్కి తన్నుతూ మూతి పైకి లేస్తుంది. బరువైన బుల్లెట్ నెమ్మదిగా కదులుతుంది, ఎక్కువసేపు బ్యారెల్‌లో ఉంటుంది, తన్నూ ఎక్కువే. అందుకే అది పైన తగులుతుంది. తేలికైనది కింద తగులుతుంది. దూరంలో కిందికి జారే లెక్క తెలిసినవారికి ఇది విడ్డూరంగా అనిపించవచ్చు గానీ, రివాల్వర్ దూరాల్లో ఇదే నిజం. .38 స్పెషల్ తుపాకుల సైట్లు చాలావరకు 158 గ్రెయిన్ల బుల్లెట్‌కు సరిచేసి ఉంటాయి. .45 కోల్ట్‌కు 250 గ్రెయిన్ల దరిదాపుల్లో, .44 మాగ్నమ్‌కు 240 గ్రెయిన్లు మామూలు బరువు. వేరే బరువు వాడి గుండు అంగుళాల కొద్దీ కింద పడుతుంటే అది పౌడర్ తప్పు కాదు.

ఆకారం పనిని బట్టి ఉండాలి. కాగితం టార్గెట్‌కు 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్‌కు మించింది లేదు. దాని ముఖం చదునుగా ఉండి కాగితంలో గుండ్రంగా, అంచులు తెగినట్టుండే రంధ్రం చేస్తుంది కాబట్టి స్కోరు లెక్కించడం తేలిక. ఇందులో అడుగు బోలుగా ఉండే రకం తక్కువ పీడనానికే ఉబ్బి త్రోట్‌ను మూసేస్తుంది, అందుకే దాని గురి అంత బాగుంటుంది. ఆ బోలు అడుగే దాని బలహీనత కూడా. లోడ్ పెంచితే పలుచని అంచు తెగి బ్యారెల్‌లోనే ఉండిపోతుంది, ముందు భాగం మాత్రం వెళ్లిపోతుంది. తర్వాతి గుండు ఆ ఉంగరాన్ని గుద్దితే బ్యారెల్ ఉబ్బుతుంది. ఈ బుల్లెట్‌కు దాని కోసమే ప్రచురించిన తక్కువ పీడనపు లోడ్ తప్ప మరొకటి వాడకూడదు.

అన్ని పనులకూ ఒకే బుల్లెట్ కావాలంటే సెమీ వాడ్‌కట్టర్ దగ్గర ఆగవచ్చు. అమెరికన్ తుపాకుల రచయిత ఎల్మర్ కీత్ 1920ల చివర్లో .44కు రూపొందించిన ఆకారం ఇప్పటికీ అచ్చుల్లో దొరుకుతోందంటే దానిలో ఉన్న ఆలోచనే కారణం: వెడల్పైన చదును ముఖం, త్రోట్‌ను నింపే పూర్తి వ్యాసపు ముందు పట్టీ, లోతైన లూబ్రికెంట్ గాడి, క్రింప్ కోసం విడిగా ఒక గాడి. ప్రతి భాగమూ రివాల్వర్ నిర్మాణానికి జవాబు.

లోతు సంగతి చాలామంది పట్టించుకోరు. వాడ్‌కట్టర్‌ను కేస్ అంచుతో సమానంగా లోపలికి దించేస్తారు. 158 గ్రెయిన్ల సెమీ వాడ్‌కట్టర్ ముందు భాగం బయటే ఉంటుంది. బరువు తక్కువైన వాడ్‌కట్టరే కేస్‌లో ఎక్కువ చోటు ఆక్రమిస్తుందన్నమాట. చోటు తగ్గితే అదే పౌడర్‌కు పీడనం పెరుగుతుంది. కాబట్టి 'బరువు తక్కువ కదా, ఈ లోడ్ సరిపోతుంది' అని వేరే బుల్లెట్ లోడ్‌ను తెచ్చి వేయడం ప్రమాదం. లోడ్ పుస్తకంలో బరువు ఒక్కటే కాదు, బుల్లెట్ రకం, తూటా మొత్తం పొడవు కూడా కలవాలి.

పౌడర్: వేగం కంటే ఖాళీ ముఖ్యం

పౌడర్లను మండే వేగాన్ని బట్టి వేగమైనవి, మధ్యస్థం, నెమ్మదివి అంటారు. మండే వేగాన్ని రేణువు ఆకారం, పరిమాణం, పైన పూసిన నిరోధక పదార్థం, నైట్రోగ్లిజరిన్ పాలు నిర్ణయిస్తాయి. పీడనం పెరిగితే పౌడర్ ఇంకా వేగంగా మండుతుంది, అలా మండితే పీడనం ఇంకా పెరుగుతుంది. ఈ చక్రం వల్లే హద్దు దగ్గర పావు గ్రెయిన్ తేడా కూడా ఊహించనంత మార్పు తెస్తుంది. అందరూ చూసే మండే వేగాల పట్టిక వరుసను మాత్రమే చెబుతుంది, ఒకదానికీ తర్వాతిదానికీ దూరం చెప్పదు. పట్టికలో పక్కపక్కనే ఉన్నాయి కదా అని ఒక పౌడర్ లోడ్‌ను ఇంకోదానికి వాడడానికి వీల్లేదు.

వేగమైన పౌడర్లలో బుల్స్ఐ, విన్‌చెస్టర్ 231, టైట్‌గ్రూప్ ప్రసిద్ధమైనవి. .38 స్పెషల్ టార్గెట్ తూటాకు వీటిలో ఏదైనా మూడు గ్రెయిన్ల దరిదాపుల్లో సరిపోతుంది. పొదుపు, తక్కువ తన్ను, చిన్న మంట వీటి బలాలు. తన్ను తగ్గడం వెనుక కారణం సరళమైనది: బుల్లెట్‌తోపాటు వాయువుగా మారిన పౌడర్ కూడా ముందుకు దూసుకెళ్తుంది, అదీ తుపాకీని వెనక్కి నెడుతుంది. అదే వేగాన్ని తక్కువ పౌడర్‌తో తెస్తే ఆ నెట్టుడు తగ్గుతుంది.

వీటి బలహీనత మళ్లీ ఖాళీయే. కేస్‌లో అడుగున కాసింత పౌడర్, పైనంతా ఖాళీ. పొరపాటున ఒకే కేస్‌లో రెండుసార్లు పౌడర్ పడినా పొంగిపోదు. మూడుసార్లు పడినా పట్టవచ్చు. .38 స్పెషల్ లాంటి 17,000 పీఎస్ఐ తూటాలో రెట్టింపు పౌడర్ పడితే పీడనం రెట్టింపుతో ఆగదు, అంతకంటే చాలా పైకి పోతుంది. సిలిండర్ చీలిపోయి, పైనున్న ఫ్రేమ్ పట్టీ విరిగిన రివాల్వర్ల వెనుక ఎక్కువసార్లు ఉండేది ఇదే. తక్కువ పౌడర్‌తో తూటాలు వింతగా పేలిపోయాయని చెప్పే కథలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ వాటికి రెట్టింపు పౌడరే నమ్మదగిన వివరణ.

అందుకని కొత్తగా మొదలుపెట్టేవారికి చోటు నింపే పౌడర్ కావాలి. యూనిక్ లాంటి రేకు ఆకారపు మధ్యస్థ పౌడర్ ఒకే వేగానికి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెట్టింపు పడితే కేస్ నిండుగా కనిపించి కంటికి పట్టుబడుతుంది. శతాబ్దానికి పైగా ఇది మార్కెట్లో నిలబడి ఉండటానికి .38 స్పెషల్ నుంచి .45 కోల్ట్ దాకా దేనికైనా సర్దుకుపోయే గుణమే కారణం. కొలిచే యంత్రంలో రేకులు అంత సాఫీగా జారవు, ఒక్కోసారి పదోవంతు గ్రెయిన్ అటూఇటూ అవుతుంది. రివాల్వర్ దూరాల్లో దాని ప్రభావం దాదాపు శూన్యం. బంతి ఆకారపు దట్టమైన పౌడర్ కొలతలో కచ్చితంగా ఉంటుంది గానీ, కేస్‌లో కనబడదు. ఈ రెండింట్లో ఏదో ఒకటే దొరికేటప్పుడు కంటికి కనబడేదాన్నే ఎంచుకోవాలి. కొలతలో పదోవంతు గ్రెయిన్ తేడా గుంపును కొద్దిగా పెద్దది చేయవచ్చు, రెట్టింపు పౌడర్ చేతినే తీసుకుపోతుంది.

ఖాళీ వల్ల వచ్చే ఇంకో సమస్య పౌడర్ ఎక్కడ ఉందన్నది. తుపాకీ మూతిని పైకెత్తి దించితే పౌడర్ ప్రైమర్ దగ్గర చేరుతుంది. కిందికి వంచి ఎత్తితే బుల్లెట్ దగ్గరికి జారుతుంది. కొన్ని పౌడర్లు ఈ రెండు స్థితుల్లో చాలా వేరువేరు వేగాలిస్తాయి. టైట్‌గ్రూప్ ఈ తేడాను బాగా తట్టుకుంటుంది, దాన్ని ఇష్టపడేవారు చెప్పే ప్రధాన కారణం అదే. పెద్ద కేసుల్లో తక్కువ లోడ్ కోసం ప్రత్యేకంగా వచ్చిన ట్రెయిల్ బాస్ దీనికి వేరే దారి పట్టింది. దాని రేణువులు మధ్యలో రంధ్రమున్న చిన్న ఉంగరాల్లా ఉండి, తక్కువ బరువుతోనే కేస్‌ను నింపేస్తాయి. తన లోడ్ ఈ విషయంలో ఎలా ఉందో తెలుసుకోవాలంటే క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) ముందు మూతి ఎత్తి కొన్ని, దించి కొన్ని కాల్చి వేగాలు పోల్చాలి. సరాసరి ఒక్కటే చూస్తే ఈ తేడా దాక్కుండిపోతుంది.

నెమ్మది పౌడర్లది పూర్తిగా వేరే లోకం. అలయంట్ 2400, హెచ్110 లాంటివి మాగ్నమ్ తూటాల కోసం. .357 మాగ్నమ్ 1935లో, .44 మాగ్నమ్ 1950ల మధ్యలో వచ్చాయి. వాటి పూర్తి శక్తి కావాలంటే కేస్‌ను దాదాపు నింపే నెమ్మది పౌడర్ తప్పదు. అది పీడనాన్ని ఒక్కసారిగా కాకుండా కొనసాగిస్తూ బుల్లెట్‌ను బ్యారెల్ పొడవునా నెడుతుంది. అదే వేగాన్ని వేగమైన పౌడర్‌తో తేవాలని చూస్తే బుల్లెట్ ఎక్కువ దూరం కదలకముందే పీడనం హద్దు దాటుతుంది.

హెచ్110 గురించి తెలుసుకోవాల్సింది ఒకటుంది. మామూలుగా లోడ్ తగ్గించడం అంటే జాగ్రత్తపడటమే. ఈ పౌడర్ దగ్గర ఆ జాగ్రత్తే ప్రమాదం. దాని రేణువులపై నిరోధక పూత ఎక్కువ, మండాలంటే మంచి పీడనం కావాలి. లోడ్ బాగా తగ్గిస్తే సగం మండి ఆరిపోవచ్చు, బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుపోవచ్చు. అందుకే తయారీదారు తాను ప్రచురించిన లోడ్ నుంచి 3 శాతానికి మించి తగ్గించవద్దంటాడు. మాగ్నమ్ ప్రైమర్, గట్టి క్రింప్ కూడా కావాలి. తగ్గించుకునే వీలు కావాలనుకునేవారికి 2400 ఎంతో మన్నించే పౌడర్. మాగ్నమ్ శక్తిలో కాస్త వదులుకుని, మధ్యస్థ లోడ్లకూ పనికొచ్చేదాన్ని కొనుక్కోవడం చాలామందికి తెలివైన బేరం. మాగ్నమ్ తుపాకీతో కాల్చే తూటాల్లో అధికభాగం నిజానికి మాగ్నమ్ శక్తి అక్కర్లేనివే.

'బ్యారెల్ పొట్టిది కాబట్టి వేగమైన పౌడర్ వేయాలి, నెమ్మదిది బయట మండిపోతుంది' అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఇది సగమే నిజం. పౌడర్ చాలావరకు బుల్లెట్ కొన్ని అంగుళాలు కదిలేలోపే మండుతుంది. బయట కనిపించే మంట ఎక్కువగా వేడి వాయువు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మళ్లీ అంటుకోవడం. పొడవు బ్యారెల్‌లో ఎక్కువ వేగమిచ్చే పౌడరే సాధారణంగా పొట్టి బ్యారెల్‌లోనూ ఎక్కువ వేగమిస్తుంది. కాకపోతే ఆ కొద్దిపాటి వేగం కోసం కళ్లు చెదిరే మంట, చెవులు పగిలే మోత, ఎక్కువ తన్ను భరించాలి. రెండంగుళాల బ్యారెల్‌కు మధ్యస్థ పౌడర్ మేలనడానికి కారణం ఇదే, వేగం తగ్గుతుందన్న భయం కాదు.

క్రింప్, తేలికపాటి తుపాకులు

తుపాకీ వెనక్కి తన్నినప్పుడు సిలిండర్‌లో మిగిలిన తూటాల కేసులు దానితోపాటు వెనక్కి వెళ్తాయి. వాటిలోని బుల్లెట్లు మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తాయి. పట్టు చాలకపోతే కొద్దికొద్దిగా ముందుకు జారి, సిలిండర్ ముందుకు పొడుచుకొచ్చి, దాన్ని తిరగనివ్వవు. తుపాకీ ఎంత తేలికైతే ఈ ముప్పు అంత ఎక్కువ. టైటానియం, స్కాండియం మిశ్రమాలతో చేసిన తుపాకుల్లో బరువైన సీసం బుల్లెట్లకు ఇది బాగా కనిపిస్తుంది. క్రింప్ గాడి లేని బుల్లెట్ అక్కడికి పనికిరాదు. కేస్ మెడ పట్టే అసలు పట్టు, క్రింప్ దానికి తోడు మాత్రమే. కేస్‌ను ఎక్కువ వెడల్పు చేసేసి క్రింప్‌తో సరిదిద్దుకుందామంటే కుదరదు. పరీక్ష తేలిక: ఒక తూటా పొడవు కొలిచి గుర్తుపెట్టి, మిగతావన్నీ కాల్చి, చివర దాని పొడవు మళ్లీ కొలవాలి. పెరిగితే ఆ లోడ్ ఆ తుపాకీకి కాదు.

కంటికి కనబడని పీడనం

రైఫిల్ తూటాలు నింపేవారు ప్రైమర్ చదునుకావడం, కేస్ గట్టిగా పట్టుకోవడం చూసి పీడనం అంచనా వేస్తారు. రివాల్వర్‌లో ఆ అలవాటు నమ్మదగింది కాదు. ఇత్తడి, ప్రైమర్ స్పష్టంగా ఫిర్యాదు చేసేది చాలా ఎక్కువ పీడనాల దగ్గర. .38 స్పెషల్ హద్దు 17,000, .45 కోల్ట్ హద్దు 14,000 పీఎస్ఐ. కేస్ ఏదైనా గుర్తు చూపించే వేళకు ఈ హద్దులు దాటి ఎంతో దూరం వచ్చేసి ఉంటాం. 'ఏ గుర్తూ కనిపించలేదు, ఇంకాస్త పెంచవచ్చు' అన్నది ఈ తూటాల విషయంలో అర్థంలేని మాట. నమ్మాల్సింది పీడనం కొలిచి ప్రచురించిన తాజా లోడ్ సమాచారాన్ని, దాంతోపాటు క్రోనోగ్రాఫ్‌ను. పుస్తకం చెప్పిన వేగం కంటే ఎక్కువ వస్తోందంటే ఎక్కువ పీడనం కూడా వస్తోందనే అనుకోవాలి. తక్కువ లోడ్‌తో మొదలుపెట్టడం, పుస్తకపు గరిష్ఠం దాటకపోవడం, పౌడర్ లాట్ (తయారీ విడత) మారినప్పుడు మళ్లీ కిందినుంచి రావడం మామూలు క్రమశిక్షణ. కింది నుంచి మొదలుపెట్టేటప్పుడు హెచ్110 లాంటివి దీనికి మినహాయింపని మర్చిపోకూడదు.

చప్పుడు నీరసంగా, తన్ను తక్కువగా అనిపిస్తే అక్కడే ఆగిపోవాలి. తుపాకీ ఖాళీ చేసి, బ్యారెల్‌లో కడ్డీ పెట్టి చూడకుండా మళ్లీ ట్రిగ్గర్ నొక్కకూడదు.

పేర్ల తికమక కూడా ప్రమాదమే. హెచ్110, విన్‌చెస్టర్ 296 రెండు డబ్బాల్లో అమ్మే ఒకే పౌడర్. హెచ్‌పీ-38, విన్‌చెస్టర్ 231 కూడా అంతే. కానీ పేర్లు, అంకెలు పోలినంత మాత్రాన అన్నీ ఒకటని అనుకోవడానికి లేదు. బల్ల మీద ఒకసారి ఒక్క డబ్బా మాత్రమే ఉండాలి. కొలిచే యంత్రంలో ఏదో మిగిలిపోయి, అదేమిటో గుర్తులేకపోతే పారేయడమే. అందులో పౌడర్ విలువ కొద్దిపాటిదే.

సీసం గురించి ఒక మాట. చేతులు కడుక్కోకుండా తినడం, గాలి ఆడని గదిలో సీసం కరిగించడం, వాడిన కేసులను పొడిగా దొర్లించి శుభ్రం చేసే యంత్రాన్ని ఇంట్లో పెట్టడం చేయకూడదు. ఆ ధూళిలో కాలిన ప్రైమర్ల సీసం ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో ఇది ఇంకా ముఖ్యం.

లోడ్ ఏ తుపాకీకి చేశామో ఆ తుపాకీకే చేరడం ఆఖరి మెట్టు. .357 మాగ్నమ్ కేస్‌ను .38 స్పెషల్ కంటే 0.135 అంగుళం పొడవుగా చేసింది లోపల చోటు కోసం కాదు, .38 తుపాకీలో అది పట్టకుండా ఉండటం కోసం. .45 కోల్ట్‌కు అలాంటి రక్షణ లేదు. దృఢమైన కొత్త తుపాకుల కోసం 14,000 పీఎస్ఐకి రెట్టింపు దాకా వెళ్లే లోడ్లను పుస్తకాలు వేరే విభాగంలో ఇస్తాయి. ఆ తూటా వందేళ్ల పాత తుపాకీలోనూ అంతే సాఫీగా పడుతుంది. కాబట్టి ప్రతి పెట్టె మీద బుల్లెట్ రకం, బరువు, పౌడర్ పేరు, ఎన్ని గ్రెయిన్లు, ప్రైమర్, పొడవు, తేదీ, ఏ తుపాకీకి అన్నది రాసి ఉండాలి. బలమైన లోడ్లను వేరే ఆకారపు బుల్లెట్‌తో చేయడం ఇంకా మంచిది: పాత తుపాకీకి గుండ్రని ముఖం, కొత్తదానికి చదును ముఖం అని పెట్టుకుంటే పెట్టె మారిపోయినా తూటా చూడగానే తేడా తెలుస్తుంది. రాత లేని పెట్టెలో తూటాలు దొరికితే వాటిని విప్పి, పౌడర్ పారేసి, కేస్, బుల్లెట్ మళ్లీ వాడుకోవాలి.